పట్టభద్రులు – కేంద్ర ప్రభుత్వోద్యోగములు
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చేయబడిన ఉపన్యాసము)



ఈ యేడు పట్టములు పుచ్చుకొనిన మన బాలబాలికలకు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పట్టము చేతికి వచ్చిన మఱునాటి నుండి వారికి హితము చెప్పువారికి కొదువ లేదు. కావున నేను హితోపదేశమునకు దిగక, కేంద్రప్రభుత్వోద్యోగమను నొక్క విషయమును తీసికొని, దానియందలి మంచిచెడ్డలను, అందు ప్రవేశించు మార్గములను, ముఖ్యముగా మనవారు కాలుజారి పడుచున్న చోట్లను విన్నవింపదలచితిని.

ఈ విషయమున మనలో రెండు విపరీతాభిప్రాయములు ప్రబలియున్నవి. ప్రభుత్వోద్యోగమన్న కలెక్టరు పదవియే గాని వేఱొకటి కాదని కొందఱు తలంతురు. సిఫారసు లేనిదే, డబ్బు పోయనిదే అక్కడ చీమయైనను దూరజాలదని మఱికొందఱు తలంతురు. మొదటివారు తమ బిడ్డల యౌవనమును పాడుచేయుచున్నారు. రెండవవారు తమ బిడ్డలను దరఖాస్తైనను పెట్టనీయకున్నారు. ఈ రెండవ నష్టము కంటికి కనబడదు గాని, మొదటిదానికంటె పెద్దది.

పోటీపరీక్ష యనునది మనదేశమునకు వచ్చిన చరిత్రమును కొంచెము స్మరించుట యుక్తము. పూర్వము కంపెనీ డైరెక్టర్ల దయాదాక్షిణ్యములచేత దొరకుచుండిన సివిలుసర్వీసు పదవులు, 1854లో మెకాలే సంఘము నివేదిక యిచ్చిన పిమ్మట, 1855 మొదలు లండనులో జరుగు పరీక్షచేత లభింపసాగెను. సముద్రము దాటిపోగల సంపన్నులకే యది సాధ్యమయ్యెను. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరుగారు ఉత్తీర్ణులై భారతీయులలో ప్రథములైరి. ఈ దేశముననే పరీక్ష జరుపవలెనని మన పెద్దలు దశాబ్దములకొలది మొఱపెట్టిన పిదప 1922లో అలహాబాదునందు పరీక్ష మొదలయ్యెను. 1926 అక్టోబరు 1వ తేదీన పబ్లిక్ సర్వీస్ కమిషను ఏర్పడెను. 1935వ సంవత్సరపు చట్టమును బట్టి 1937లో అది ఫెడరల్ పబ్లిక్ సర్వీస్ కమిషనాయెను. 1950 జనవరి 26 నుండి యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషనను పేరు వహించినది. ఓడ టిక్కెట్టు కొనలేనివాడు కలలోనైనను తలపరాని పరీక్షకు నేడు నూఱు రూపాయల రుసుముతో, స్త్రీలైనచో రుసుమే లేకుండ, పల్లెటూరి పట్టభద్రులు కూర్చుండగలుగుచున్నారు. ఇంతటి మార్పును మన మొక మార్పుగా గుర్తింపకుండుట చిత్రము.

ఇక కలెక్టరు పదవి మాట. 2024వ సంవత్సరపు సివిల్ సర్వీసుల పరీక్షకు 9,92,599 మంది దరఖాస్తు పెట్టిరి. ప్రాథమిక పరీక్ష వ్రాసినవారు 5,83,213 మంది. ప్రధాన పరీక్షకు అర్హులైనవారు 14,627 మంది. తుదకు నియామకమునకు సిఫారసు చేయబడినవారు 1,009 మంది. ఈ వేయిమందిలో ఐ.ఏ.యస్.కు పోయినవారు కొందఱే, తక్కినవారు పోలీసు, విదేశాంగ, ఆదాయపుపన్ను మొదలగు సర్వీసులకు పంచబడుదురు. ప్రధాన పరీక్ష 1,750 మార్కులకును, మౌఖికపరీక్ష 275 మార్కులకును జరుగును. జనరల్ అభ్యర్థి 32 ఏండ్లు నిండువఱకు ఆఱుమారులును, ఇతర వెనుకబడిన తరగతుల అభ్యర్థి 35 ఏండ్ల వఱకు తొమ్మిదిమారులును వ్రాయవచ్చును. ఈ తొమ్మిది యవకాశములు వరముగా కనబడును గాని, శాపముగా మాఱిన యిండ్లను నేనెఱుగుదును. తొమ్మిది యేండ్లు పుస్తకము తప్ప వేఱొండెఱుగని యువకుడు ముప్పదియైదవ యేట ఇంటికి తిరిగివచ్చినపుడు అతని చేతిలో పదునాలుగేండ్లనాటి పట్టము మాత్రమే యుండును. అప్పటికి తండ్రి రెండెకరములు అమ్మియుండును. చెల్లెలి చదువు నిలిచియుండును.

2024 జులై 27వ తేదీన ఢిల్లీ పాత రాజేంద్రనగరులో ఒక శిక్షణసంస్థ నేలమాళిగలోని పఠనాలయమున వఱదనీరు చొరబడి ముగ్గురు అభ్యర్థులు ప్రాణములు గోల్పోయిరి. ఆ వార్త విని, తమ పిల్లలెచ్చట కూర్చుండి చదువుచున్నారో, ఎట్టి గదిలో నిదురించుచున్నారో ఆనాటివఱకు ఎఱుగని తలిదండ్రులు మనలో నెందఱో బెదరి టెలిఫోనులు చేసిరి. శిక్షణకొఱకు ఢిల్లీకే పోనక్కఱలేదు, హైదరాబాదు అశోకనగరునకైనను పోయి తీరవలెనన్న నియమము లేదు. ప్రశ్నపత్రములన్నియు కమిషనువారే ప్రకటించుచున్నారు. వానిని ముందుంచుకొని ఇంటనే యొక యాఱునెలలు చదివి తన శక్తిని తాను కొలుచుకొనిన పిమ్మట డబ్బు కట్టవలెను గాని, డబ్బు కట్టిన పిమ్మట శక్తిని కొలుచుకొనుట తలక్రిందుల పని.

నా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదను. పట్టము పుచ్చుకొనిన పిమ్మట రెండు సంవత్సరములు మాత్రము పూర్తిగా చదువునకు కేటాయింపుడు. ఆ రెండేండ్లలో సివిల్ సర్వీసుల పరీక్షతోబాటు తక్కిన పరీక్షలన్నియు వ్రాయుడు. ఏది ముందు దొరకిన దానియందు చేరుడు. చేరిన పిదప జీతము తీసికొనుచు పెద్దపరీక్షకు చదువుకొనుడు. ఉద్యోగములో చేరిన చదువు సాగదందురు. ఆకలి, అవమానము, అప్పులవారి రాకపోకల నడుమ చదువు సాగుట అంతకంటె సులభమా?

ఆ తక్కిన పరీక్షలలో స్టాఫ్ సెలెక్షన్ కమిషనువారి కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్ష ముఖ్యము. ఈ కమిషను 1975లో స్థాపింపబడినది. ఏ విషయమునందైనను పట్టము పొందినవారు చాలవఱకు పదవులకు అర్హులు. మొదటి అంచె పరీక్షలో తర్కము, సామాన్యజ్ఞానము, గణితము, ఆంగ్లము అను నాలుగు భాగములు, నూఱు ప్రశ్నలు, రెండువందల మార్కులు, కాలము ఒక గంట. తప్పు సమాధానమునకు అరమార్కు పోవును. రెండవ అంచెలో గణిత, తర్క, ఆంగ్లములు కొంచెము కఠినముగా నుండును, కంప్యూటరు పరిచయమును వ్రేళ్ళ వేగమును కూడ పరీక్షింతురు. మౌఖికపరీక్ష లేదు. గ్రూపు సి పదవులకును, గెజిటెడు కాని గ్రూపు బి పదవులకును 2016 జనవరి 1 నుండి మౌఖికపరీక్షలు రద్దయినవి. సిఫారసు లేనిదే ఉద్యోగము రాదను పెద్దలు ఈ యొక్క విషయమును మనస్సున నుంచుకొందురు గాక. కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవానికి ఎవరి సిఫారసు పనికివచ్చును?

ఈ పరీక్షద్వారా దొరకు పదవులను గూర్చి మనవారికి తెలిసినది తక్కువ. ఆదాయపుపన్ను ఇన్‌స్పెక్టరు, వస్తుసేవాపన్ను ఇన్‌స్పెక్టరు, కేంద్ర సచివాలయమున అసిస్టెంటు సెక్షను ఆఫీసరు పదవులకు మూలవేతనము 44,900 రూపాయలతో మొదలగును. ఆడిటు శాఖలో అసిస్టెంటు ఆడిటు ఆఫీసరునకు 47,600, ఆడిటరునకు 29,200, టాక్సు అసిస్టెంటునకు 25,500 మొదటి వేతనములు. ఇవి 2016 నుండి అమలైన ఏడవ వేతనసంఘపు అంకెలు. వీనిపై కరువుభత్యము, ఇంటియద్దె భత్యము చేరును. చిన్న పదవియని త్రోసివేయరాదు. ఆడిటరుగా చేరినవాడు శాఖాపరమైన సబార్డినేటు ఆడిటు సర్వీసు పరీక్షలో నెగ్గి అసిస్టెంటు ఆడిటు ఆఫీసరు కాగలడు. టాక్సు అసిస్టెంటు శాఖాపరీక్ష వ్రాసి ఇన్‌స్పెక్టరు కాగలడు. గణాంకశాస్త్రము పట్టపరీక్షలో నొక విషయముగా చదివినవారికి, లేదా ఇంటరులో గణితమున నూటికి అఱువది మార్కులు వచ్చిన పట్టభద్రులకు జూనియరు స్టాటిస్టికల్ ఆఫీసరు పదవి కలదు. దానికి పోటీ వేఱుపత్రము. మన బి.యస్‌సి. బాలికలు దీనిని గమనింపవలెను. కేంద్ర సాయుధ పోలీసుదళములలో అసిస్టెంటు కమాండెంటు పదవికి సామాన్యముగా 20 మొదలు 25 ఏండ్ల లోపువారు అర్హులు. దేహదార్ఢ్యము గల పిల్లవాడు వయస్సు మీఱిన పిమ్మట ఆ సంగతి తెలిసికొనిన ఏమి లాభము? రైల్వే నియామకమండలులు, తపాలాశాఖ, బ్యాంకులు, ఇంజనీరింగు, అటవీ, భూగర్భశాస్త్ర పరీక్షలు వేఱుగానున్నవి. వానిని వివరింప సమయము చాలదు.

భాష విషయమున మన పిల్లలకు భయము మెండు. సివిల్ సర్వీసుల ప్రధానపరీక్షను రాజ్యాంగపు ఎనిమిదవ అనుసూచిలోని తెలుగున వ్రాయవచ్చును. శ్రీకాకుళము జిల్లా పల్లెటూరినుండి వచ్చి, ఉపాధ్యాయుడుగా పనిచేయుచు, తెలుగున వ్రాసి, 2016వ సంవత్సరపు పరీక్షలో దేశమున మూడవస్థానము గడించిన రోణంకి గోపాలకృష్ణగారి విజయము జగద్విదితము. రైల్వే పరీక్షలలో ప్రశ్నలు తెలుగున నీయబడుచున్నవి. కేంద్ర పోలీసుదళముల కానిస్టేబులు పరీక్ష 2024 నుండి హిందీ ఆంగ్లములతోబాటు తెలుగుతో గూడ పదుమూడు ప్రాంతీయభాషలలో జరుగుచున్నది. అయితే నేను చెప్పిన పట్టభద్రుల పరీక్ష మాత్రము హిందీ ఆంగ్లములలోనే కలదు, అందు ఆంగ్లమే యొక విషయము. తెలుగున చదివినవారు దినమునకొక గంట ఆంగ్లవార్తాపత్రికకు వెచ్చింపక తప్పదు. ఉద్యోగమున చేరిన పిమ్మట హిందీ రానివారికి ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అను తరగతులలో ప్రభుత్వమే నేర్పించును. దానికై ఇప్పుడే దిగులు వలదు.

దిగులుపడవలసినది దూరమును గూర్చి. రాష్ట్రప్రభుత్వ కొలువులలో స్థానికులకు ప్రత్యేకత యున్నట్లు కేంద్రప్రభుత్వమున లేదు. నియామకపత్రమునందే, భారతదేశమున నెచ్చటనైనను పనిచేయవలెనను నిబంధన యుండును. మొదటి నియామకము ముంబయిలోనో, గౌహతిలోనో, ఢిల్లీలోనో కావచ్చును. తల్లి చేతి అన్నమును విడువలేక మొదటి మాసములోనే రాజీనామా యిచ్చి వచ్చిన పిల్లలు కలరు. వారిని నిందింపను. కాని దరఖాస్తు పెట్టుటకు ముందే ఇంటిలో ఈ మాట తేల్చుకొనవలెను. ఏకైకపుత్రుడు, రోగపీడితులైన తలిదండ్రులు గలవాడు, రాష్ట్రమునందలి ఉద్యోగమునో ఉపాధ్యాయవృత్తినో కోరుకొనుట పిఱికితనము కాదు. సాఫ్టువేరు కొలువులో మొదటి జీతము దీనికంటె హెచ్చుగా నుండవచ్చును. తెలివిగలవాడు అక్కడ త్వరగా పైకిపోవును, త్వరగా బయటికిని పోవును. ఇచ్చట నడక నెమ్మది. ఎవని స్వభావమున కేది తగునో వాడే నిర్ణయించుకొనవలెను.

పింఛనును గూర్చి మనవారిలో పాత భ్రమలున్నవి. తాతగారికి వచ్చినట్టి పింఛను మనుమనికి రాదు. 2004 జనవరి 1 తర్వాత చేరినవారికి జాతీయ పింఛను పద్ధతి వర్తించును. వేతనము, కరువుభత్యములపై ఉద్యోగి నూటికి పది, ప్రభుత్వము పదునాలుగు చొప్పున నిధికి జమకట్టును. 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకమను మఱియొక దారి యేర్పడినది. ఇరువదియైదేండ్ల సేవ చేసినవారికి చివరి పండ్రెండు మాసముల సగటు మూలవేతనములో సగము దీనివలన లభించును. క్రొత్తగా చేరువారు ముప్పది దినములలోపల కోరుకొనవలెను. మొదటి నెల సందడిలో మఱచిపోరాదు. స్త్రీలకు ప్రసూతి సెలవు 180 దినములు, బిడ్డల పెంపకమునకై ఉద్యోగకాలమంతటిలో 730 దినముల సెలవు కలవు. ఆడపిల్లకు ఇంతటి యాదరువు తక్కిన కొలువులలో దొరకుట యరుదు. పెండ్లి కుదిరినదని పరీక్షాదినమున ఆడపిల్లను ఇంటనుంచుకొను తలిదండ్రులు దీనిని గణింపవలెను.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాను. మన పిల్లలు చదువులో ఓడుట కంటె కాగితములలో ఓడుట నన్నెక్కువగా బాధించుచున్నది. రాష్ట్రప్రభుత్వపు వెనుకబడిన తరగతుల జాబితా వేఱు, కేంద్రప్రభుత్వపు జాబితా వేఱు. రాష్ట్రమున బి.సి. ఎ, బి, సి, డి, ఇ అను వర్గములు కలవు. కేంద్రమున ఆ విభాగములు లేవు, ఇతర వెనుకబడిన తరగతులని యొక్కటే పేరు. రాష్ట్ర జాబితాలో నుండి కేంద్ర జాబితాలో లేని కులములు, శాఖలు కలవు. ఆంధ్రప్రదేశమునకు, తెలంగాణమునకు కేంద్ర జాబితాలు గూడ వేఱువేఱు. మన కులమునకు పర్యాయనామములు, ఉపశాఖలు నున్నవి. పిల్లవాని పాఠశాల రిజిస్టరులో నొక పేరు, జాబితాలో నొక పేరు ఉన్నచో, మార్కులు వచ్చిన పిమ్మట పత్రముల పరిశీలనలో చిక్కు వచ్చును. మండల కార్యాలయమున రాష్ట్రప్రభుత్వపు నమూనాలో పుచ్చుకొనిన పత్రము కేంద్రమున చెల్లదు. కేంద్రపు నమూనాలోనే, ప్రకటనలో చెప్పిన తేదీలలోపల పుచ్చుకొనిన పత్రము కావలెను.

1992 నవంబరు 16వ తేదీన ఇంద్రా సాహ్ని వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము ఇరువదియేడు శాతమును సమర్థించుచు, క్రీమీలేయరనబడు సంపన్నశ్రేణిని తొలగింపుమని తీర్పు చెప్పెను. 1993 సెప్టెంబరు 8వ తేదీ ఉత్తర్వున ఆ నియమములు వెలువడినవి. 2017 నుండి ఆదాయపు హద్దు ఎనిమిది లక్షలు. ఇచ్చట మనవారు రెండు విధముల పొరపడుచున్నారు. ఆదాయపరీక్షలో తలిదండ్రుల జీతములును, సేద్యపు రాబడియు లెక్కకు రావు. గుమాస్తా జీతము ఎనిమిది లక్షలు దాటినదని బెదరి దరఖాస్తులో జనరల్ అని వ్రాసికొనిన పిల్లలు తమ హక్కును తాము పోగొట్టుకొనుచున్నారు. తల్లిగాని తండ్రిగాని నేరుగా గ్రూపు ఎ పదవిలో నియమింపబడినవారైనచో, ఆదాయముతో పనిలేకయే, బిడ్డలకు ఈ సౌకర్యము లేదు. రెండవది వివాహిత స్త్రీల విషయము. ఈ పరీక్ష తలిదండ్రుల స్థితిని బట్టియే గాని భర్త ఆదాయమును బట్టి కాదు. భర్తపేరిట పత్రము తెచ్చిన సోదరి పరిశీలనాధికారి యెదుట నిలువవలసివచ్చును.

మఱియొక సంగతి. 2019లో 103వ రాజ్యాంగ సవరణము వలన ఆర్థికముగా వెనుకబడినవారికి పది శాతము ఏర్పడినది. రాష్ట్రమున బి.సి.గా పరిగణింపబడుచు, కేంద్ర జాబితాలో లేని శాఖవారు కేంద్రోద్యోగములకు ఈ పదిశాతము క్రింద కోరవచ్చును. అయితే దీని ఆదాయలెక్కలో జీతము, సేద్యము అన్నియు చేరును. ఐదెకరముల సేద్యపుభూమి యున్నను అర్హత పోవును. ఒకే యింటికి ఒక లెక్కలో జీతము చేరదు, ఇంకొక లెక్కలో చేరును. సామాన్యునకు ఇది చిక్కుముడియే. విప్పి చెప్పువారు లేక పిల్లలు వీధిమొగమున నున్న జిరాక్సు దుకాణము వానిని సలహా యడుగుచున్నారు.

దళారుల మాట క్లుప్తముగా చెప్పెదను. రైల్వేలో వేయించెదను, పన్నుల శాఖలో వేయించెదనని లక్షలడుగువాడు, వాడు మన కులమువాడైనను, మన సభలలో ముందువరుసలో కూర్చుండువాడైనను, మోసగాడే. 2024 జూన్ 21 నుండి అమలులోనున్న చట్టమును బట్టి పరీక్షలలో అక్రమములు నడపువారికి మూడు మొదలు ఐదేండ్ల చెఱసాల, పదిలక్షల వఱకు జరిమానా కలవు. వ్యవస్థీకృత ముఠాలకు పదేండ్ల వఱకు శిక్ష. డబ్బిచ్చిన తండ్రికి పరువు పోవునను భయముచేత నోరు మెదపకుండుటయే ఈ వ్యాపారమునకు మూలధనము.

పోషకమహాశయులు క్షమింతురు గాక, వారితో గూడ ఒక మాట. పిల్లవానికి నియామకపత్రము వచ్చిన వారమునకే ఇంటికి పెండ్లిపేరయ్యలు వత్తురు. ఇన్‌స్పెక్టరునకింత, ఐ.ఆర్.యస్.కింత యని వరశుల్కపు ధరలు పలుకుట మనమందఱము వినుచున్నదే. 1961వ సంవత్సరపు వరకట్ననిషేధచట్టము అందఱికిని వర్తించును. దానికి మించి, కేంద్రప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964, 13-ఎ నియమము కట్నమిచ్చుటను, పుచ్చుకొనుటను, అడుగుటను ఉద్యోగికి నిషేధించుచున్నది. కాబట్టి కొడుకు కొలువును చూపి కట్నమడుగు తండ్రి, ఆ కొలువు మెడకే ఉరిత్రాడు పేనుచున్నాడు. సన్మానసభలలో మనము పూలదండలు వేయుచు ‘మనవాడు వచ్చినాడు, మన పనులగును’ అని చెవులు కొఱుకుకొనుటయు అట్టిదే. పన్నుల శాఖలోని కుఱ్ఱవాని వద్దకు మన వర్తకులు దస్త్రములతో పోయిన, వాడు కాదనిన కులద్రోహి యగును, ఔననిన నేరస్థుడగును. ఇరువదినాలుగేండ్ల పిల్లవానిని ఈ రెంటి నడుమ నిలుపుట మనకు తగునా?

మన ప్రత్యేకసంచికలను తిరుగవేసి చూచితిని. కలెక్టర్ల ఛాయాపటములు పూర్తి పుటలలో నున్నవి. పన్నుల ఇన్‌స్పెక్టర్లు, ఆడిటర్లు, రైల్వే గుమాస్తాలు చివరిపుటలలో వరుసపేర్లుగా నున్నారు. వారిలో నొక్కొక్కరు ఒక్కొక్క కుటుంబమును అప్పులనుండి గట్టెక్కించినవారు. వారు చెప్పగల సంగతులు కలెక్టర్లకంటె మన పిల్లలకెక్కువ యుపయోగించును.

కావున కార్యనిర్వాహకవర్గము వారికి మూడు మనవులు. పట్టభద్రుల పరీక్ష ప్రకటన గడచిన 2024, 2025 సంవత్సరములలో జూను మాసమున వెలువడినది. ఏప్రిల్, మే మాసములలో ప్రతి ఆదివారము జిల్లాశాఖలలో పత్రపరిశీలనసంఘములు కూర్చుండి, పిల్లల పాఠశాల పత్రములను, కేంద్ర జాబితాలోని పేర్లను సరిపోల్చి, నమూనాలను చేతికీయవలెను. దీనికి ఖర్చు లేదు, విరమించిన తహసీలుదారులు మనలో నలుగురైదుగురు సిద్ధముగా నున్నారు. రెండవది, మన విద్యార్థివసతిగృహమున పట్టభద్రులకు రెండేండ్ల గడువుతో పండ్రెండు పడకలు, అందు ఆఱు బాలికలకు, కేటాయింపవలెను. గడువు దాటిన పడక వెనుకవచ్చువానిది కావలెను. మూడవది, ఉద్యోగములోనున్న మనవారి పేరు, శాఖ, పనిచేయు ఊరు గల పట్టికను సిద్ధపఱచి, గౌహతికో ముంబయికో మొదటిమారు పోవు పిల్లవానికి రైలు దిగిన చోట ఒక తెలుగు ముఖము కనబడునట్లు చేయవలెను. మొదటి మనవికి సంబంధించిన తీర్మానమును ఈ సాయంకాలపు సభలో ప్రవేశపెట్టుటకు అధ్యక్షులవారి అనుజ్ఞను వేడుచున్నాను.